కాగితం మీద లేని మాస్టారు

గంగులన్నకు ఎడమ చెవి పని చెయ్యదు. మా షాపులో ఆ సంగతి మొదట కనిపెట్టింది నేనే. ఎవరితో మాట్లాడుతున్నా కుడి భుజం కాస్త ముందుకు పెట్టి నిలబడేవాడు. ఎడమ పక్క నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. పొగరు అనుకునేవారు మిగతావాళ్ళు. నేను మాట్లాడేది తక్కువ, చూసేది ఎక్కువ. ఇంటర్ మొదటి ఏడాది సగంలో అమ్మకు నడుము పట్టేస్తే చదువు మానేసి, నాలుగేళ్ళుగా సీతారామారావు గారి ఎలక్ట్రికల్ షాపులో స్టాకు పుస్తకం రాస్తున్నాను. శ్రీకాకుళం నుంచి అరసవల్లి వెళ్ళే రోడ్డు మీద షాపు. కౌంటరు వెనక స్టూలు మీద కూర్చుంటే వచ్చేపోయే మనుషులందరూ నాకు కనిపిస్తారు, నేను ఎవరికీ కనిపించను. ఆ చోటు నాకు నచ్చేది.

గంగులన్నది శ్రీకూర్మం దిగువన సముద్రం ఒడ్డు ఊరు. ఎనిమిదో తరగతితో బడి మానేసి తండ్రి వెంట వలకు వెళ్ళాడు. గుజరాత్ బోట్లలో రెండేళ్ళు పని చేశాడు. తిరిగొచ్చాక ఒక సౌండ్ బాక్సుల బండిలో చేరాడు. బాక్సులు మోసి, వైర్లు కలిపి, జనరేటరుకు నూనె పోసి, చివరికి తనే డీజే అయ్యాడు. పన్నెండేళ్ళు అమ్మవారి సంబరాలకూ పెళ్ళి ఊరేగింపులకూ పాటలు వేశాడు. బండి మీద అతను నిలబడే చోట బాక్సుల వరస ఎడమ చెవికి ఆనుకుని ఉండేది. ఆ చెవిలో మొదట ఈల మోగింది. కొన్నాళ్ళకు ఈల కూడా ఆగిపోయింది.

"ఇంకో రెండేళ్ళు ఇలగే బండి మీద నిలబడితే రెండోది కూడా పోతాదని డాకటరు సెప్పీసినాడే," అన్నాడు ఒకరోజు ఫ్యూజులు కొనడానికి వచ్చి. అదేదో ఇంకొకరి చెవి గురించి చెప్తున్నట్టు నవ్వుతూ అన్నాడు. "అది పోతే నాను డీజేకీ పనికిరాను, సముద్రం మీద ఏటకీ పనికిరాను. ఎనక నుంచి కెరటం వస్తన్నాదంటే సెవితోనే కదేటి తెల్సేది."

నేను ఫ్యూజులు పొట్లం కట్టి ఇచ్చాను.

ఆ తర్వాత నెల రోజులకు సీతారామారావు గారి తలలోకి డీజే కోర్సు వచ్చింది. యువతకు పనులు నేర్పే శిక్షణ పథకం ఒకటి ఉందనీ, హాలు ఉన్నవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవచ్చనీ ఎవరో చెప్పారట. షాపు మేడ మీద హాలు ఖాళీగానే ఉంది. ఆయన ఏ మాట విన్నా ఆ రోజే బేరంలోకి దింపే మనిషి. సాయంత్రానికల్లా గంగులన్నను పిలిపించారు.

"ఏటయ్యా గంగులూ, సంబరానికి డీజే, పెళ్ళికి డీజే, పిల్ల పెద్దమనిషైతే డీజే. మొన్న మా వీధిలో గృహప్రవేశానికి కూడా పెట్టీసేరు, ఇంట్లోకి తోలాల్సిన ఆవు బెదిరి రైతుబజారు దాకా పారిపోయింది. నేర్చుకుంటామనే కుర్రాళ్ళు బోలెడు మంది. నేర్పేవాడు లేడు. సామాను నువ్వు ఎంచు. నేర్పేది కూడా నువ్వే."

గంగులన్న కుడి చెవి ముందుకు పెట్టాడు. "ఏటన్నారు బాబూ?"

"నువ్వే మాస్టారివి అంటన్నాను."

అతనికి మొదటిసారే వినపడింది. నేను చూశాను కదా, 'నేర్పేది నువ్వే' అనగానే కళ్ళు మారాయి. ఆ మాట ఇంకోసారి వినాలని అడిగాడంతే. బండి మీద పన్నెండేళ్ళలో అతన్ని డీజేగాడు అన్నారు, ఒరే బాక్సులోడా అన్నారు, తాగినవాళ్ళు అంతకన్నా చెడ్డ మాటలు అన్నారు. మాస్టారు అని ఎవరూ అనలేదు.

గంగులన్నకు రాయడం సరిగా రాదు. అందుకని అతను చెప్తుంటే నేను రాయాలని సీతారామారావు గారు పురమాయించారు. మధ్యాహ్నాలు బేరాలు పలచబడ్డాక ముగ్గురం కూర్చునేవాళ్ళం. సీతారామారావు గారికి ఒక పెద్ద సెట్టు కొనాలని ఉంది. నాలుగు చానెళ్ళది, చుట్టూ రంగుదీపాలు వెలిగేది, హాలు మధ్యలో పెడితే చూసినవాళ్ళు నోరు వెళ్ళబెట్టేది.

"పెద్దది ఒకటి తెస్తే ఒకడు వాయిస్తాడు, పందొమ్మిది మంది సూస్తారు బాబూ," అన్నాడు గంగులన్న. "ఒడ్డున కూకుని సూస్తే ఈత వస్తాదేటి? సిన్నవి పది తెండి. ఇద్దరికొకటి."

"మరి నాలుగు చానెళ్ళు?"

"నాలుగు పాటలు ఒకేపాలి కలిపీవోడు ఈ జిల్లాలో ఎవుడున్నాడు? నానే రెండుకి మించి కలపలేను. దేముడు రెండు సేతులే ఇచ్చినాడు."

పాటలు కలిపే రెండు చానెళ్ళ కంట్రోలర్లు పది, అని రాశాను. పాట వేగం పెంచి తగ్గించే మీట పొడుగ్గా ఉన్నవే కావాలన్నాడు. పొట్టి మీట అయితే వేలు వణికినంతలో పాట పరిగెడుతుందట. చేత్తో తిప్పే పళ్ళెం అరచేయంత వెడల్పు ఉండాలన్నాడు. హెడ్‌ఫోన్లు చెవిని పూర్తిగా కప్పేవి, వైరు ఊడదీసి మార్చుకునేవి తెమ్మన్నాడు, పిల్లలు మొదట తెంపేది వైరే కనక. ఒక్కో సెట్టుకు రెండు హెడ్‌ఫోన్లు తగిలించే చీలిక పిన్ను కావాలన్నాడు, నేర్చుకునేవాడి చెవిలో ఏం మోగుతోందో నేర్పేవాడికి కూడా వినపడాలి కనక. కరెంటు పోయినా పాట ఆగకుండా చిన్న యూపీఎస్‌లు. బాక్సులు చిన్నవి చాలు అనేసరికి సీతారామారావు గారు కుర్చీలోంచి లేచిపోయారు.

"ఇవేటయ్యా, కంప్యూటరు పక్కన పెట్టుకునే గుగ్గిళ్ళ డబ్బాలు! డీజే అంటే గుండె అదరాల."

"గుండె అదిరితే సెవి పోతాది బాబూ. మోత పెంచడం ఒక్క పూటలో వస్తాది, దానికి బడెందుకు? రెండు పాటల బీటు కలపడానికి సెవి కావాల. నా కాడ నేర్సినోడికి రెండు సెవులూ ఉండాల."

ఆ మాట కూడా రాశాను. ప్రతి సామాను పేరు ఎదురుగా, అది ఎందుకో గంగులన్న చెప్పిన కారణం రాస్తూ పోయాను. కారణాలు రాయమని నన్నెవరూ అడగలేదు. బళ్ళో నోట్సు రాసే అలవాటు చేతికి ఇంకా పోలేదు, అంతే.

సాఫ్ట్‌వేరు దగ్గర ఇంకో గొడవ. సీతారామారావు గారికి తెలిసినాయన ఒకరు ఖరీదైన సాఫ్ట్‌వేరును క్రాక్ చేసి ఊరికే ఎక్కిస్తానన్నాడు. గంగులన్న ఒప్పుకోలేదు.

"నాకెరకే ఆ బాగోతం. గార దగ్గర ఒక పెళ్ళిలో ఊరేగింపు మధ్యన అదేదో తాళంసెవి అడిగి ఆగిపోనాది. పెళ్ళికొడుకు కారు ముందు పాతిక మంది సేతులు పైకెత్తి అలగే నిలబడిపోనారు. దించాలో ఎత్తి ఉంచాలో తెల్దు. ఆ సేతులు దిగి నా మీదే పడ్డాయి."

సీతారామారావు గారు కూడా నవ్వారు. చివరికి గంగులన్న ఊరికే దొరికే సాఫ్ట్‌వేరునే, దొంగతనం లేనిదాన్నే ఎంచాడు. దాంట్లో ఇంకో సుఖం ఉందన్నాడు. తెర మీద కనిపించే రంగుల కెరటాలనూ, వేగం అంకెలనూ దాచేయవచ్చు. అవి కనిపిస్తే కుర్రాళ్ళు కళ్ళతో కలుపుతారు, చెవి నిద్రపోతుంది.

సామాను చూడటానికి విజయనగరం వెళ్ళాం. కోట దగ్గర నుంచి రెండు వీధులు లోపలికి ఆ షాపు. అమ్మే అతను కంట్రోలరు మీద 'సింక్' అని రాసిన బటన్ చూపించి, "ఇది నొక్కితే రెండు పాటలూ అవే కలిసిపోతాయి సార్. ఇంక నేర్చుకోవడానికి ఏముంది?" అన్నాడు.

గంగులన్న జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. ఒకటి మామూలు డాన్సు పాట. రెండోది వాళ్ళ ఊళ్ళో ఛాతీకి కట్టుకుని వాయిస్తుంటే ఫోనులో పట్టిన తప్పెటగుళ్ళు. అమ్మే అతను సింక్ నొక్కాడు. మొదట బాగానే ఉంది. పావు నిమిషం దాటేసరికి రెండు దెబ్బలూ ఒకదాని కాలు ఒకటి తొక్కుకోవడం మొదలుపెట్టాయి. షాపులో ఉన్నవాళ్ళు మొహాలు చిట్లించారు.

"తప్పెటగుళ్ళోళ్ళకి ఊపొచ్చేకొద్దీ సెయ్యి బేగి పడతాది," అన్నాడు గంగులన్న. "ఈ బటనుకి ఆ సంగతి తెల్దు. మన సంబరం పాటలన్నీ ఇలాటివే. మనుషులు వాయించినవి."

హెడ్‌ఫోను కుడి చెవికి ఆనించుకుని, మీటను వెంట్రుకవాసి జరుపుతూ, పళ్ళేన్ని వేలి కొసతో ఆపుతూ వదులుతూ అదే జంటను కలిపాడు. తప్పెటగుళ్ళ చప్పుడు వేగం పెరుగుతున్నకొద్దీ డాన్సు పాట కూడా దాని వెనకే నడిచింది. అమ్మే అతను, "ఎక్కడ నేర్చుకున్నారు మాస్టారూ?" అన్నాడు. గంగులన్న నా వైపు చూశాడు, విన్నావా అన్నట్టు.

సామాను మేడ మీదకు చేరిన రోజు మందుల షాపు నుంచి దెబ్బలకు వేసే ప్లాస్టరు తెచ్చి, పది కంట్రోలర్ల మీదా సింక్ బటన్లకు అంటించాడు. "రెండు నెలలు దీన్నెవుడూ ముట్టకూడదు," అన్నాడు. ఆ తర్వాత నన్ను పిలిచాడు.

"ఒసే కూర్మీ, ఇలా రా. ఈ సామాను మీద అస్సలు రానోళ్ళకి వస్తాదో రాదో ముందు సూడాల. నీ మీద సూస్తాను."

నా పేరు కూర్మమ్మ. కూర్మనాథస్వామికి మొక్కుకుంటే పుట్టానని ఆ పేరు. నన్ను కూర్మీ అని పిలిచేది మా అమ్మా గంగులన్నా మాత్రమే.

"నాకొద్దన్నా. సిగ్గు."

"సిగ్గు మొకానికుంటాది. సెవులకి కూడా ఉంటాదేటి?"

రోజూ మధ్యాహ్నం గంటసేపు నేర్పేవాడు. మొదటి వారం కంట్రోలరు ముట్టనివ్వలేదు. చిన్న శబ్దంతో పాట పెట్టి నాలుగు నాలుగుగా లెక్కపెట్టమనేవాడు. ఆ తర్వాత అలివి వల గురించి అడిగాడు. ఒడ్డు నుంచి పడవలో తీసుకెళ్ళి సముద్రంలో చుట్టూ వేసి వస్తారు ఆ వలను. దాని రెండు తాళ్ళనూ ఒడ్డున రెండు వరసల మనుషులు పట్టి లాగుతారు. మా అమ్మ ఎండుచేపలు అమ్మే మనిషి. చిన్నప్పటి నుంచీ ఆ వల చూస్తూ పెరిగినదాన్నే.

"ఒక వరస గబగబా లాగితే ఏటవుద్ది?"

"వల వంకర తిరిగిపోద్ది."

"సేపలు?"

"జారిపోతాయి."

"మరందుకే. ఆ తాడు ఒక పాట, ఈ తాడు ఒక పాట. రెండో వరసోడు తన కాళ్ళు సూసుకోడు, అవతలోళ్ళ కేక ఇని అడుగేస్తాడు. నువ్వూ అంతే. ఇదివరకు ఎవులూ సెప్పలేదు నాకు. నాలుగేళ్ళు తన్నులు తిన్నాక ఇది తెల్సింది."

ఆ కేక మాట నాకు అర్థమైంది. నలభై రోజులకు రెండు పాటలు నా చేతిలో కలిసి నడిచాయి. చీలిక పిన్నుకు తగిలించిన రెండో హెడ్‌ఫోనులో గంగులన్న కళ్ళు మూసుకుని విన్నాడు. మళ్ళీ సెయ్ అన్నాడు. పదిసార్లు చేయించాడు. పదోసారి హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, "వచ్చీసినాది," అన్నాడు. "ఈ ఆడగుంటకే వచ్చిందంటే సామాను మంచిదే ఎంచినాను." ఆ సాయంత్రం నేను ఇంటికి నడిచి వెళ్తూ అడుగులు నాలుగు నాలుగుగా లెక్కపెట్టుకున్నాను. బడి మానేశాక నేను నేర్చుకున్న మొదటి విషయం అది.

దరఖాస్తు కాగితాలు ఆ వారంలోనే వచ్చాయి. శిక్షకుడి పేరు దగ్గర, కనీసం పదో తరగతి పాసై ఉండాలి, సర్టిఫికెట్టు జత చేయాలి అని ఉంది. సీతారామారావు గారు ఆ కాగితం పట్టుకుని కాసేపు గంగులన్న వైపు, కాసేపు నా వైపు చూశారు.

"నీది టెన్త్ పాసే కదమ్మా? సర్టిఫికెట్టు పట్రా. పేరుకే. నేర్పేది గంగులే."

నేను నోటుబుక్కు అంచు మడుస్తూ కూర్చున్నాను. గంగులన్నే నాకు ధైర్యం చెప్పాడు.

"ఇచ్చీయే, భయమేటి? మా బోటు కాగితం మా మేనత్త లక్ష్మణమ్మ పేరు మీదున్నాది. ఆవిడ బోటెక్కితే కక్కుకుంటాది. ఏటకెల్లేది నానూ మా తమ్ముడూ. కాగితమ్మీద ఎవులుంటే ఏటి? సుక్కాని పట్టినోడిదే బోటు."

వాళ్ళ ఊళ్ళో అది నిజం. ఏ బోటు ఎవరి పేరు మీద ఉందో ఎవరికీ పట్టదు, ఎవరు నడుపుతారో అందరికీ తెలుసు. ఆ పేరు పట్టుకుని ఏ మేనత్తా ఏ మేనల్లుణ్ణీ ఒడ్డున దింపెయ్యలేదు. కానీ నేను నాలుగేళ్ళు షాపులో కాగితాలు రాసినదాన్ని. ఇక్కడ బిల్లు మీద పేరున్నవాడికే గ్యారంటీ వర్తిస్తుందని రోజూ ఎవరో ఒకరితో చెప్పేదాన్ని. ఆ మాట గంగులన్నతో చెప్పలేదు. మర్నాడు సర్టిఫికెట్టు తెచ్చి ఇచ్చాను.

తనిఖీకి ఇద్దరు ఆఫీసర్లు వచ్చిన రోజు గంగులన్న ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. అది ఎప్పటి చొక్కానో, భుజాల దగ్గర బిగుసుకుపోయింది. బాక్సులు మోయక ముందు కుట్టించినది అయివుంటుంది. హాల్లోకి వచ్చి కంట్రోలర్ల పక్కన నిలబడబోయాడు. సీతారామారావు గారు కళ్ళతో గుమ్మం చూపించారు. వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"ట్రైనర్ ఎవరు?"

"ఈ అమ్మాయే సార్. కూర్మమ్మ. మా దగ్గరే నాలుగేళ్ళుగా ఉంది."

"అతనెవరు?"

"సామాన్లు చూసుకునే మనిషి సార్."

ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. నోటుబుక్కు తెరిచాను. అందులో ఉన్నది చదివాను. ఇద్దరికొక సెట్టు ఎందుకు, మీట పొడుగ్గా ఎందుకు, బాక్సులు చిన్నవి ఎందుకు, సింక్ మీద ప్లాస్టరు ఎందుకు. సెప్పు, సూడు అన్నవి మాత్రం చెప్పు, చూడు అని మార్చుకున్నాను. అలివి వల గురించి చెప్పాక రెండు పాటలు కలిపి వినిపించాను. పెద్దాఫీసరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇన్ని సెంటర్లు చూశాం. ప్రతి చోటా బిల్లులు చూపిస్తారు గాని ఇది ఎందుకు కొన్నావంటే ఒక్కడూ చెప్పడు. ఈ లిస్టు ఎవరు తయారు చేశారు?"

లిస్టులో అక్షరాలన్నీ నావి. నేను గుమ్మం వైపు చూశాను. గంగులన్నకు ఆ ప్రశ్న వినపడింది, అతను నిలబడిన తీరు నాకు తెలుసు. నేను చెప్తానని ఎదురుచూస్తున్నాడు. గంగులన్న అని నాలుగక్షరాలు. నోటి దాకా వచ్చాయి కూడా.

"మా అమ్మాయే సార్," అన్నారు సీతారామారావు గారు.

నేను నా కాళ్ళ వైపు చూసుకున్నాను.

ఆఫీసర్లు వెళ్ళిపోయాక సీతారామారావు గారు గంగులన్నకు టీ తెప్పించారు. ఆయన ఎవరికైనా టీ తెప్పించారంటే ఏదో కాదనడానికే.

"చూశావు కదా గంగులూ. కాగితం ఆ అమ్మాయి పేరు మీద ఉంది, రేపు ఎప్పుడైనా చెప్పకుండా వచ్చి చూస్తారు. ఆ పిల్ల బాగానే చెప్పేస్తోంది. ఇద్దరెందుకు?"

"ఆ గుంటకి నేర్పింది నాను బాబూ."

"అదే నేనూ అంటన్నాను. అంత సిగ్గుపడే పిల్లకే రెండు నెలల్లో వచ్చీసిందంటే నువ్వు ఎంచిన సామాను అంత గొప్పది. ఇంక సామానే నేర్పేస్తాది."

గంగులన్న టీ తాగలేదు. గ్లాసు బల్ల మీద పెట్టాడు, ఒలకకుండా. "మరి నా సెవి సంగతి మీకు సెప్పినాను కదా బాబూ," అన్నాడు. సీతారామారావు గారు ఫోను చూసుకుంటున్నారు. అప్పుడు నా వైపు తిరిగాడు. నేను అప్పటికే చుట్టి ఉన్న వైర్లను విప్పి మళ్ళీ చుడుతున్నాను. గంగులన్న మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

నేను వద్దని చెప్పగలిగేదాన్నే. అమ్మ మందుల గురించీ, ఇంటి సంగతుల గురించీ చాలా చెప్పగలను. కానీ మేడ మెట్ల దగ్గర 'శిక్షకురాలు: కుమారి కూర్మమ్మ' అని బోర్డు కట్టినప్పుడు నాకు సంతోషం వేసింది. బడి మానేసిన రోజు నుంచీ నా పేరు ఎక్కడా రాయలేదు ఎవరూ. ఆ బోర్డును వచ్చేటప్పుడూ వెళ్ళేటప్పుడూ చదువుకున్నాను.

గంగులన్న మళ్ళీ బండెక్కాడు. అది నాకు చెప్పింది అతని భార్య దాలమ్మ. పొద్దున్నపూట అరసవల్లి జంక్షనులో చేపలు అమ్ముతుంది. నేను తల వంచుకుని దాటిపోతుంటే కేకేసింది.

"ఏటే మేడమ్మా, సూడనట్టు ఎలిపోతన్నావు? మా ఆయన ఒక సెవి బాక్సులకిచ్చినాడు. రెండోది నీకిచ్చినాడు. బాగున్నాదా?"

పక్కన చేపలు కోసేవాళ్ళు నవ్వారు.

"అప్పా, నేను..."

"నువ్వేటి? నీకేటి నోరు నేదు కదా, సదువే కదా ఉన్నది. వంజరం తీసుకెల్తావా? మేడమ్ముల రేటుకి ఇస్తాను."

నేను ఆటో ఎక్కేశాను.

బ్యాచీకి ఇరవై మంది ఉండాలి. ఇరవై లేకపోతే మొదలుపెట్టనివ్వరు. పేర్లు రాయించుకునే ఆఖరి రోజుకు పందొమ్మిది మందే తేలారు. సీతారామారావు గారు ఫారం నిబంధనలు వేలు పెట్టి చదివారు. నేర్చుకునేవాళ్ళకు ఎనిమిదో తరగతి చాలు. వయసు ముప్పై అయిదు దాటకూడదు. గంగులన్నకు ముప్పై నాలుగు.

"ఆయన రారండీ," అన్నాను. ఆ మాత్రం మాట పైకి రావడం నాకే ఆశ్చర్యం.

"ఎందుకు రాడు? సర్టిఫికెట్టు వస్తాది. పదో తరగతి లేకపోయినా ఆ సర్టిఫికెట్టు ఉంటే వచ్చే బ్యాచీకి ట్రైనరుగా పెట్టొచ్చేమో అడుగుతానని చెప్పు."

నన్నే ఫోను చెయ్యమన్నారు. గంగులన్న అంతా విన్నాడు. మధ్యలో, ఇంకోపాలి సెప్పు, అన్నాడు. రెండుసార్లు అలా అడిగాడు. ఈసారి నిజంగానే వినపడలేదు. "సర్టిఫికెట్టు మీద నా పేరే ఉంటాదా?" అన్నాడు చివరికి. ఉంటుందన్నాను. "అలగైతే వస్తాను," అన్నాడు.

మొదటి రోజు అందరికన్నా ముందు వచ్చాడు. పది సెట్లలో అన్నిటికన్నా వెనకున్న దాని దగ్గర కూర్చున్నాడు. కొత్త నోటుబుక్కు, కొత్త పెన్ను తెచ్చుకున్నాడు. అతని పక్క కుర్రాడు హెడ్‌ఫోను తలకిందులుగా పెట్టుకుంటే సరిచేయడానికి చెయ్యి చాచి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. నేను హాజరు పిలిచాను. ఇరవయ్యో పేరు గంగులన్నది. అదీ పిలిచాను.

"ప్రెజెంట్ మేడమ్," అన్నాడు.

కూర్మీ అనలేదు. గుంట అనలేదు. ఆ తర్వాత ఎప్పుడూ అనలేదు.

నేను నా నోటుబుక్కులోంచి పాఠాలు చెప్పాను. నాలుగు నాలుగుగా లెక్కపెట్టడం చెప్పాను. రెండు తాళ్ళ గురించి చెప్పాను. పందొమ్మిది మంది రాసుకున్నారు. గంగులన్న కూడా రాసుకున్నాడు, అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ, తన మాటలనే. రాసిన పేజీ ఎండిందో లేదో చూసి తిప్పేవాడు. పొద్దున సంబరం నుంచి నేరుగా వచ్చిన రోజుల్లో కళ్ళు ఎర్రగా ఉండేవి.

మూడో వారంలో ఈశ్వర్ అనే కుర్రాడు లేచాడు. వాళ్ళ మావయ్యకు బాక్సుల బండి ఉంది.

"మేడమ్, ఊరేగింపులో బండి ముందుకెల్తాది, బాక్సులు కొన్ని ముందు, కొన్ని ఎనక. సందులోకొస్తే గోడలకి తగిలి మోత మళ్ళీ వస్తాది. హెడ్‌ఫోన్లో బీటు ఒకలా, బయట బీటు ఒకలా. అప్పుడు దేన్ని నమ్మాల?"

నాకు తెలియదు. నేను ఏ రోజూ బండి ఎక్కలేదు. నా నోటుబుక్కులో ఆ పేజీ లేదు. మేము ఎంచింది నేర్చుకునే సామాను, ఊరేగింపు సామాను కాదు. ఆ సంగతి అడగాలని కూడా నాకు తోచలేదు.

వెనక వరస వైపు చూశాను. గంగులన్న తల వంచుకుని ఉన్నాడు. అతనికి తెలుసు. పన్నెండేళ్ళు దాంట్లోనే నిలబడి చెవి పోగొట్టుకున్నాడు.

"గంగులన్నా," అన్నాను. అందరి ముందూ అలా పిలవడం అదే మొదటిసారి. "నువ్వు చెప్పు."

అతను తలెత్తాడు. అందరూ వెనక్కి తిరిగి చూశారు.

"నాకేటి తెలుసు మేడమ్," అన్నాడు. "నానూ నేర్సుకోడానికే వచ్చినాను. మీరు సెప్తే రాసుకుంటాను."

గొంతులో కోపం లేదు. పెన్ను మూత తీసి, నా వైపే చూస్తూ కూర్చున్నాడు. ఈశ్వర్ ఇంకా నిలబడే ఉన్నాడు.

రేపు చెబుతాను అన్నాను.

గంగులన్న అదే రాసుకున్నాడు.